రాయి తట్టి దిగే బావి

మా అత్తమ్మ బావిలో దిగే ముందు పై మెట్టు పక్కనున్న రాయిని అరచేత్తో గట్టిగా తట్టేది. ఎవరింటికైనా పోతే తలుపు తట్టమా, అట్లా. తట్టి, కాసేపు ఆగి, నీళ్లలోకి ఓసారి చూసి, అప్పుడు కుచ్చెళ్లు పైకి దోపుకొని దిగేది. ఈ ఇంట్లో పిల్లలకు ఈత కంటే ముందు ఇది నేర్పుతారు. తట్టకుండా దూకినవాడికి ఆ పూట ఈత లేదు. పైగా వీపు మీద ఒకటి పడుతుంది.

తట్టేది దేవుడి కోసమని మొదట్లో అనుకున్నాను. ఈ ఊళ్లో దేనికి మొక్కరు గనక! తర్వాత తెలిసింది, అది పాము కోసమని.

నేను బచ్చన్నపేట దగ్గరి ఈ ఊరికి బయ్యారం వైపు నుంచి కోడలిగా వచ్చాను. మావైపు గుట్టలు, ఎర్రమట్టి, వాగులు. వాగంటే మోకాలి లోతు, దాటడానికే గానీ ఈదడానికి కాదు. చెరువు ఉంది గానీ ఆడపిల్లలను అటు పోనిచ్చేవాళ్లు కాదు. ఇక్కడేమో వాన తక్కువ, పత్తి ఎక్కువ, పాతకాలం చేను అనేసరికి అందులో ఒక పెద్ద బావి. మా బావి ఇంటి వెనకే ఉంది. నాలుగు పక్కలా రాతి కట్టుబడి, ఒక పక్క నీళ్ల దాకా మెట్లు.

పెళ్లయిన కొత్తలో ఆ మెట్ల మీద కూర్చొని బట్టలు పిండుతున్నాను. నీళ్ల మీద ఏదో పుల్ల తేలుతోంది అనుకున్నాను. పుల్లకు కళ్లున్నాయి. నేను వేసిన కేకకు చేతిలో బకెట్ జారి నీళ్లలో పడి మునిగిపోయింది. అత్తమ్మ పరుగెత్తుకొచ్చి నన్ను చూడలేదు, బకెట్ కోసం చూసింది.

"బకీటు ఎవలు తీస్తరు ఇప్పుడు?"

"అత్తమ్మా, పాము!"

"ఉంటది. గది నీరుకట్టె. మన బాయిల మనిషే. నువ్వే కొత్తగొచ్చినవ్."

ఆ మాట నాకు ముల్లులా దిగింది. పాము మనిషట, నేను కొత్తదాన్నట. అంతటితో ఆగిందా? ఊరందరి ముందూ నన్ను "బయ్యారం పిల్ల" అనే పిలిచేది. "బయ్యారం పిల్ల చాయ పెడ్తది, కూసోండ్రి." "బయ్యారం పిల్లకు ఉప్పు అందాద తెల్వది." నా పిల్లలు నా భుజం దాకా వచ్చాక కూడా నేను బయ్యారం పిల్లనే. అత్త లేని కోడలు ఉత్తమురాలని ఊరికే అనలేదు అనుకొని, ఉన్న కోపమంతా కుట్టు మిషన్ తొక్కి తీర్చుకునేదాన్ని.

మిషన్ పెట్టుకున్నది బావి పక్కన రేకుల పందిరి కింద. ఊళ్లో వాళ్ల జాకెట్లు కుట్టడం నా పని. సూదిలోకి దారం ఎక్కిస్తూ తలెత్తితే బావే కనబడుతుంది. భయంతో చూడ్డం మొదలుపెట్టాను. పాము మీద కన్ను వేసి ఉంచకపోతే ఎక్కడికి వస్తుందోనని. చూసి చూసి అలవాటైంది. అలవాటయ్యాక బాగుందనిపించింది. అత్తమ్మకు మాత్రం ఆ సంగతి చెప్పలేదు.

దాని ముక్కు రంధ్రాలు మూతి ముందు కాకుండా పైకి తిరిగి ఉంటాయి. కళ్లూ అంతే, తలకు పైవైపున. అందుకని ఒళ్లంతా నీళ్లలో దాచుకొని, మూతి కొస ఒక్కటి బయటపెట్టి ఊపిరి తీసుకుంటుంది, అట్లాగే లోకాన్నీ చూస్తుంది. మనం ఆ పని చేయాలంటే వెల్లకిలా పడుకోవాలి. ఊపిరి పట్టి లోపలికి పోయిందంటే నేను జాకెట్ చేతులు రెండూ అతికేదాకా పైకి వచ్చేది కాదు. వచ్చినా మునిగిన చోట కాదు, ఇంకెక్కడో తేలేది.

నేను కుట్టుపని దాన్ని, గళ్ల గుడ్డ చూస్తే కళ్లు ఆగుతాయి. దాని వీపు మీద నల్లటి గళ్లు, కింద లేత పసుపు. ఒక్క గడి వరస తప్పదు, ఎక్కడా అతుకు కనబడదు. కంటి కింద ఒకటి, కంటి వెనక ఒకటి వాలుగా నల్లటి గీతలు. ఇంత ముచ్చటగా ఉన్నది కంటపడకుండా ఎట్లా ఉంటుందా అనుకునేదాన్ని గానీ, రాళ్ల నీడ నీళ్ల మీద కదులుతున్నప్పుడు ఆ గళ్లు ఆ నీడలో కలిసిపోయి, చూస్తుండగానే మాయమయ్యేది.

ఒకసారి దాని కుబుసం రాతి సందులో ఇరుక్కుంటే అత్తమ్మ జాగ్రత్తగా లాగి నా చేతిలో పెట్టింది. వీపు మీది పొలుసుల్లో ఒక్కోదానికి నడుమ సన్నటి గీత లేచి ఉంది, వేలితో రాస్తే గరుకు. పొట్ట వైపు నున్నగా ఉంది.

"గట్ల గరుకుంటెనే పాచి రాళ్ల నడుమ పట్టు దొరుకుతది" అంది అత్తమ్మ. అది ఆమె లెక్క. నాకు నిజమో కాదో తెలియదు.

"కరుస్తదా?"

"కరువదా మరి? కాలు తొక్కితే నువ్వు కరువవా? విషం లేదు గని పండ్లు సూదుల తీరుగుంటయి, ఎనుకకు వంగి. అందుకే చేప జారిపోదు." ఇంకో మాట కూడా చెప్పింది. "గని నీళ్లల్ల ఉన్నదల్ల నీరుకట్టె అనుకోకు. నాగుబాము గూడ ఈదుతది. సూసి దిగాలె. ఏది కరిచినా దవాఖానకే ఉరకాలె."

నీరుకట్టె చేపను పట్టిందంటే మెట్టు మీదికి తెచ్చుకొని, నింపాదిగా తల వైపు నుంచి మింగేది, ముల్లు గుచ్చుకోకుండా. మా పిల్లలకు ఇప్పటికీ అంత ఒద్దికగా చేప తినడం రాదు. ఒకసారి ఊరకుక్క తరిమితే చేనుగట్టు మీద తల లేపి, మెడ వెడల్పుగా పరిచి బుస్సుమంది. పత్తి ఏరుతున్న ఆడవాళ్లు నాగుపామని అరిచారు. అత్తమ్మ కంటి కింది గీతలు చూసి నవ్వింది.

"ఉత్త బెదిరింపే. మీ మామ గూడ గిట్లనే లేచేటోడు, పాపం."

రాయిని తట్టడంలోని మర్మం కూడా అప్పుడే తెలిసింది. పాముకు బయటికి చెవుల్లేవు. నేను దిగే ముందు చప్పట్లు కొట్టి, "హుష్, పో" అని గొంతు చించుకునేదాన్ని. అది కదిలేది కాదు. దవడ రాయికి ఆనించి పడుకుంటుంది కాబట్టి రాతిలో అదురు పుడితే దానికి వెంటనే తెలుస్తుంది, సందులోకి పోతుంది. ఇంత తెలిసీ ఒకరోజు నేను మోటారు కోసం పోసిన సిమెంటు గద్దెను తట్టి దిగాను. గద్దెకూ గోడ రాళ్లకూ నడుమ జానెడు ఎడం. అదురు ఎట్లా పోతుంది? పాము నా పాదం పక్క నుంచే నీళ్లలోకి దూకింది. నేను మెట్ల మీదే చతికిలబడ్డాను. అత్తమ్మ నవ్వి నవ్వి కళ్లనీళ్లు తుడుచుకుంది.

"బయ్యారం పిల్ల పక్కింటి తలుపు కొట్టి మనింట్లకొచ్చింది" అని ఊరంతా చెప్పింది.

ఆ నవ్వే మనిషి మోకాళ్లు పోయాయి. మొదట మెట్లు దిగడం తగ్గించింది, తర్వాత మానేసింది. కూర్చుంటే లేవలేదు, లేస్తే కూర్చోలేదు. జనగామ దవాఖానలో డాక్టరమ్మ ఎక్స్‌రే చూసి గుజ్జు అరిగిపోయిందని చెప్పి మందులు రాసింది. నీళ్లలో నడిస్తే, ఈదితే మోకాళ్ల మీద బరువు పడదని, పట్నంలో అయితే ఈతకొలనులు ఉంటాయి గానీ మీకెట్లా అని అంది. వచ్చేటప్పుడు ఆటోలో అత్తమ్మ నా చెవిలో అంది.

"మనకు బాయి లేదా ఏంది?"

గోరుచుట్టు మీద రోకటిపోటు అన్నట్టు, సరిగ్గా ఆ చలికాలమే మా ఆయన బావి పూడ్చాలని పట్టుబట్టాడు. బోరు వేసి చాలా రోజులైంది, బావి నీళ్లతో పని లేదు. పక్కింటివాళ్ల దూడ అందులో పడింది, తాళ్లు కట్టి తీశారు. పాత ఇల్లు కూల్చిన రాళ్లు కుప్పగా ఉన్నాయి. పత్తి అమ్మగానే జేసీబీని పిలిచి సాపు చేయిద్దాం అన్నాడు. నేనూ సరేనన్నాను. పిల్లలు ఆ గట్టు మీద ఆడుతుంటే నా కన్ను కుట్టు మీద నిలిచేది కాదు మరి.

అత్తమ్మ వాదించలేదు. "పూడ్సేదాక నన్ను దిగనియ్యుండ్రి" అని మాత్రం అంది.

"అవ్వా, జారితే నడుము ఇరుగుతది. వద్దు" అన్నాడు మా ఆయన.

"నీకు ఈత నేర్పింది ఎవలురా?"

"నువ్వే. నీకు నేర్పెటోళ్లు లేరు ఇప్పుడు. అందుకే వద్దంటున్న."

మా మరిది భూపాలపల్లిలో బొగ్గు గనిలో పని చేస్తాడు. ఫోన్‌లో అతనూ అదే మాట అన్నాడు. అన్నదమ్ములకు ఒక్క విషయంలోనూ పొత్తు కుదరదు గానీ దీనికి మాత్రం కుదిరింది. ఫోన్ పెట్టేశాక అత్తమ్మ పందిరి కిందికి గోడ పట్టుకొని వచ్చి నా మిషన్ పక్కన నిలబడింది. కూర్చోలేదు, కూర్చుంటే లేవలేదు కదా.

"బిడ్డా, నీళ్లల్ల నా కాళ్లు మల్ల నాయే అయితయి. నాకెరుక. జర నువ్వు సాయం రా."

ఆమె నన్ను బిడ్డా అనడం అదే మొదలు. ఇన్నేళ్ల కోపం ఎక్కడ పోయిందో, మిషన్ తొక్కడం ఆపేశాను. కానీ నాకు ఈత రాదు. అదే చెప్పాను.

"నేర్పుత. నువ్వు నీళ్లల్ల నిలవడేదాక నేను దిగ. నేను జారితే నువ్వు ఆగవు, దునుకుతవ్. ఇద్దరం పోతం."

నేను దునుకుతానని ఆమెకు ఎట్లా తెలుసో! నాకే తెలియదు.

మా ఆయన మార్కెట్‌కు పోయిన పూటల్లో మా బడి నడిచేది. ఆమె పై మెట్టు మీద కుర్చీ వేసుకొని కర్ర పట్టుకొని కూర్చునేది. నేను పాత చుడీదారు వేసుకొని, వీపుకు ఖాళీ నూనె డబ్బా కట్టుకొని దిగేదాన్ని. మా చిన్నప్పుడు ఆనపకాయ బుర్ర కట్టేవాళ్లమని ఆమె, డబ్బా అయితే పగలదని నేను. రాయిని నేనే తట్టాలి. గట్టిగా తట్టకపోతే పైనుంచి తిట్లు.

"కాళ్లు ఎందుకు గట్ల కొట్టుకుంటున్నవ్? గా పామును సూడు, ఏమన్న కొట్టుకుంటున్నదా? నీళ్లను తోసుకుంట పోతది."

దిగితేగాని లోతు తెలియదంటారు. దిగాక నాకు లోతు తెలిసింది, నా భయమూ తెలిసింది. గట్టున కుర్చీలో కూర్చున్నవాళ్లకేం, ఎన్నైనా చెబుతారు. కానీ అవతలి గోడ దగ్గర అది ఒళ్లంతా పక్కలకు వంచుకుంటూ, ఎక్కడా తొందర లేకుండా పోతుంటే చూశాను. ప్రతి వంపుతో వెనక నీళ్లను నెడుతోంది, ముందుకు జరుగుతోంది. నాకు దాని ఒళ్లు లేదు, రెండు చేతులున్నాయి. వాటితో నెట్టాను. కదిలాను. పైనుంచి కర్ర రాయి మీద టకటకమని మోగింది. అది ఆమె మెచ్చుకోలు.

అప్పటికి ఒక సంగతి గమనించాను. పాము వేటకు పోవడం తగ్గించింది. నీళ్లకు పైన, గోడలో ఒక పెద్ద సందు ముందు చుట్ట చుట్టుకొని ఉండిపోయేది. రాయి తట్టితే లోపలికి జరిగేది, మళ్లీ వచ్చేది. అత్తమ్మకు చెబితే తలూపింది.

"గుడ్లు పెట్టింది. కాసుకొని ఉంటది."

పత్తి అమ్ముడుపోయింది. మా మరిది సెలవు పెట్టి వచ్చాడు. జేసీబీ తెల్లవారి వస్తుందన్నారు. ఈ ఇంట్లో నీరుకట్టెను చంపరు, దాన్ని సమాధి చేయడానికి వాళ్లకు మనసు ఒప్పలేదు. పాము చావకుండా కర్ర విరగకుండా ఒక ఉపాయం ఆలోచించారు. పొడుగాటి వెదురు తెచ్చి, ఒక కొస నీళ్లలో, ఒక కొస గట్టు మీద వచ్చేట్టు వాల్చారు. పాము దాని మీద పాకి బయటికి వెళ్లిపోవాలట. గోడ రాళ్ల మీద పుట్టి పెరిగినదానికి నిచ్చెన వేశారు మహానుభావులు. నాకు నవ్వొచ్చింది, అత్తమ్మ ముఖం చూసి ఆగిపోయాను. గుడ్ల సంగతి అత్తమ్మే ఎత్తలేదు, ఆమెను కాదని నేనూ ఎత్తలేదు. ఆమె బావి వైపు చూస్తూ అన్నం కలుపుతోంది గానీ ముద్ద నోట్లో పెట్టడం లేదు.

నాకింకా సరిగ్గా ఈత రాలేదు. డబ్బా లేకుండా మెట్టు వదలలేదు. తెల్లవారితే బావి ఉండదు.

పొద్దున అన్నదమ్ములిద్దరూ జేసీబీకి దారి చూపడానికి రోడ్డు మీదికి వెళ్లారు. నేను మిషన్ మీద గుడ్డ కప్పి, చుడీదారు వేసుకొని వచ్చాను. డబ్బా తెచ్చుకోలేదు. డబ్బా కట్టుకొని ఇంకో మనిషిని ఎట్లా పట్టుకుంటాను?

"లే అత్తమ్మా, పోదాం."

ఆమె గోడ పట్టుకొని లేచింది. నేను రాయి తట్టాను. నీళ్లలో దిగి, మెట్టు వదిలి, చేతులతో నెట్టాను. మునిగాను, తేలాను, ముక్కులోకి నీళ్లు పోయాయి, ముక్కు పైకి తిరిగి లేనందుకు నన్ను నేనే తిట్టుకున్నాను. ఆ తర్వాత నీళ్లు నన్ను మోశాయి. నిలబడ్డాను. అత్తమ్మ మెట్టు మీద కూర్చొని, జరిగి, మళ్లీ కింది మెట్టు మీద కూర్చొని, అట్లా వచ్చింది. ప్రతి మెట్టుకూ మూలిగింది. నీళ్లు మోకాళ్లు దాటాయి, నడుము దాటాయి. అప్పుడు మూలుగు ఆగింది.

ఆమె నన్ను పట్టుకోలేదు. చేతులు చాపి, మెడ ఎత్తి, గోడ వెంబడి పోయింది. కాళ్లు వెనక చక్కగా చాచుకున్నాయి, వంకర లేదు, నొప్పి లేదు. ఇంట్లో మంచం నుంచి గడప దాకా పోవడానికి ఆయాసపడే మనిషి బావినంతా చుట్టి నా దగ్గరికి వచ్చింది. ఆ ముఖం నేను ఎన్నడూ చూడలేదు. నాకు ఏడుపొచ్చింది. తడి ముఖం కాబట్టి కనబడలేదు.

పైన జేసీబీ చప్పుడు, ఆపై ఇంజన్ ఆగిన నిశ్శబ్దం. గట్టు మీద ఇద్దరు అన్నదమ్ములు.

"అవ్వా!" అని మా ఆయన అరిచాడు. నన్ను చూసి ఇంకో అరుపు అరవబోయాడు. "నీకు ఈత ఎప్పుడొచ్చింది?"

"గిప్పుడే" అన్నాను. అది నిజమే.

మా మరిది వెదురు వైపు చూశాడు. "వదినె, పాము పోయిందా?"

"పోలేదు. గుడ్లు పెట్టింది, ఆ సందుల ఉన్నది."

అన్నదమ్ములు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. గుడ్ల మీద ఉన్నదాన్ని పూడ్చడమంటే ఈ ఇంట్లో మాటలు కాదు. కాసేపు గుసగుసలాడారు. చివరికి మా ఆయన గొంతు సవరించుకొని అన్నాడు.

"మంచిది. గుడ్లు పగిలి పిల్లలు పోయేదాక ఆగుదాం. అప్పటిదాక ముట్టం."

అత్తమ్మ నీళ్లలో నిలబడి తలెత్తి కొడుకుల వైపు చూసింది. తల, భుజాలు తప్ప ఒళ్లంతా నీళ్లలోనే ఉంది.

"పాముకు గడువిస్తున్నరు. నాకియ్యరా, బిడ్డా?"

మా ఆయన గట్టు మీద కూలబడి, చెప్పులు విప్పి పక్కన పెట్టాడు. తర్వాత లేచి, మెట్ల దగ్గరికి వచ్చి, వంగి రాయిని తట్టి, తల్లిని పైకి తేవడానికి నీళ్లలోకి దిగాడు. ఆమె రానంది. ఇంకో చుట్టు చుట్టాకే వచ్చింది. జేసీబీని మా మరిది చేను గట్లు సరిచేయడానికి పంపించాడు.

కూల్చిన రాళ్లతో బావి చుట్టూ నడుమెత్తు గోడ కట్టించారు, గేటు పెట్టారు. తాళంచెవి నా దగ్గరే ఉంటుంది. ఆ ఎండాకాలంలో వేలెడు పాము పిల్లలు మెట్ల మీద కనబడ్డాయి, పుట్టగానే గళ్లతో సహా. అత్తమ్మ ఆ వేసవీ, ఆ తర్వాతి వేసవీ బావిలో తిరిగింది. నేను పక్కనే ఉండేదాన్ని.

ఇప్పుడు ఆమె దిగడం లేదు. మోకాళ్లు కాదు, గుండె బలహీనపడింది. నీళ్ల చల్లదనం పడదు. సాయంత్రం కుట్టుపని అయ్యాక నేను దిగుతాను. ఆమెను కుర్చీలో పై మెట్టు దగ్గర కూర్చోబెడతాను. రాయిని నన్ను తట్టనివ్వదు. తానే వంగి కర్రతో గట్టిగా కొడుతుంది, కాసేపు ఆగుతుంది, నీళ్లలోకి తొంగి చూస్తుంది. మొన్న కూడా అట్లాగే కొట్టి, నా వైపు తిరిగి చెయ్యి ఊపింది.

"ఇగ దిగు. మనింటి మనిషే వస్తున్నదని చెప్పిన."